లంపెక్టమీ తర్వాత మార్జిన్ పాజిటివ్ వస్తే: ముందు ఆపరేషనా, కీమోనా? ఏది మేలు?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో రొమ్ములో కాన్సర్ గడ్డ మటుకు తీయించుకున్నాక (లంపెక్టమీ అంటే ఇదే) రిపోర్టులో ‘మార్జిన్ పాజిటివ్’ అని వస్తే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. ‘మిగిలింది కూడా వెంటనే కోసి తీయించేయండి’ అనేది ఒకటి. ‘ఒళ్ళంతా పాకకముందే కీమో మొదలుపెట్టించండి’ అనేది ఇంకొకటి. ఒక్కోసారి సర్జన్‌ గారు మొదటి పార్టీలో, కీమో డాక్టరు గారు రెండో పార్టీలో ఉంటారు. అప్పుడు పేషెంటు టెన్షన్ ఎవరూ తీర్చలేరు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆపరేషన్ తేదీ రెండు మూడు వారాల్లో దొరికేటట్టయితే, ఎక్కువమందికి ముందు ఆపరేషనే మేలు. కీమో ముందు రావాల్సిన సందర్భాలు కొన్ని గట్టివే ఉన్నాయి. అవి మీ రిపోర్టులో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

అసలు మార్జిన్ అంటే ఏమిటో తెలిస్తే సగం గొడవ తీరుతుంది. తీసిన ముక్క అంచులకు ల్యాబ్‌లో సిరా పూసి, పలచగా కోసి మైక్రోస్కోపులో చూస్తారు. కాన్సర్ కణాలు సిరాను తాకుతుంటే పాజిటివ్. తాకకపోతే చాలు, ఇన్వేసివ్ కాన్సర్‌కు (పాలనాళాలు దాటి చుట్టుపక్కలకు చొచ్చుకుపోయినదానికి) ఇంకా వెడల్పుగా కోయనక్కర్లేదని 2014లో అమెరికాలోని కాన్సర్ సర్జన్ల సంఘం, రేడియేషన్ డాక్టర్ల సంఘం కలిసి చెప్పాయి. పాలనాళాలు దాటని డీసీఐఎస్ అయితే 2 మిల్లీమీటర్ల ఎడం ఉండాలని 2016లో అన్నారు. కాబట్టి ఇన్వేసివ్ కాన్సర్ రిపోర్టులో ‘క్లోజ్’ అని ఉందని కంగారుపడి మళ్ళీ టేబుల్ ఎక్కేముందు, సిరాను తాకిందా లేదా అని అడగండి.

ఇప్పుడు ముందు ఆపరేషన్ సంగతి. పాత కోత దగ్గరే తెరిచి, మిగిలిన అంచు తీస్తారు. మొదటిదానికంటే చిన్న పని, చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వచ్చేస్తారు. మూడు నాలుగు వారాల్లో గాయం మానితే కీమోకు సిద్ధం. లోపల ఇంకా ఎంత మిగిలిందో, అసలు మిగిలిందో లేదో ఖాయంగా తెలుస్తుంది. తీసిన ముక్కలో ఏమీ లేదని రావడం కూడా మామూలే. ‘అయితే అనవసరంగా కోశారా’ అని బాధపడేవాళ్ళున్నారు గానీ, ఆ సంగతి కోస్తే తప్ప తెలిసేది కాదు.

నష్టం ఒక్కటే, కాలం. గాయం చీము పట్టినా, నీరు చేరినా కీమో వెనక్కి పోతుంది. కాలిఫోర్నియా కాన్సర్ రిజిస్ట్రీలోని 24 వేలకు పైగా స్త్రీల వివరాలతో 2016లో వచ్చిన ఒక పరిశీలనలో, ఆపరేషన్ అయ్యాక 90 రోజులు దాటి కీమో మొదలుపెట్టినవాళ్ళకు ఫలితాలు తగ్గాయి. ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్ రిసెప్టర్లు రెండూ, హెర్2 అనే ప్రోటీనూ నెగటివ్ వచ్చిన కాన్సర్) వాళ్ళకు ఆ తేడా మరీ ఎక్కువ. అంతకు లోపల మొదలుపెట్టినవాళ్ళలో నెలా, రెండు నెలల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే రెండో ఆపరేషన్‌కు టైముంది, కానీ బోలెడంత లేదు. మొదటి ఆపరేషన్ రోజు నుంచే లెక్క పెట్టుకోవడం భద్రం.

ముందు కీమో ఎవరికి? చంకలో చాలా లింఫ్ గ్రంథులకు పాకినవాళ్ళకు, ట్రిపుల్ నెగటివ్ లేదా హెర్2 పాజిటివ్ (ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉన్న కాన్సర్) అయ్యి ఇప్పటికే రెండు నెలలు గడిచిపోయినవాళ్ళకు, గాయం ఇంకా సరిగా మాననివాళ్ళకు (మాననిచోటే మళ్ళీ కోయడం కంటే అది మానాక కీమో మొదలుపెట్టడం నయం). బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (కాన్సర్ ముప్పు వంశంలో వచ్చిందా అని చూసేది) ఫలితం కోసం చూస్తున్నవాళ్ళకూ ఇది కలిసొస్తుంది. అది పాజిటివ్ వస్తే రెండు రొమ్ములూ తీయించుకోవాలా అన్న ప్రశ్న వస్తుంది కాబట్టి, ఈలోగా కీమో నడుస్తుంటే నింపాదిగా ఆలోచించుకోవచ్చు. ఆపరేషన్ వెనక్కి జరిగితే ప్రాణానికి ముప్పేమో అనే భయానికి కొంత జవాబుంది. 1988 నుంచి 1993 వరకు 1,523 మందిని చేర్చుకున్న ఎన్‌ఎస్‌ఏబీపీ (అమెరికాలోని కాన్సర్ పరిశోధన బృందం) బీ-18 ట్రయల్‌లో కీమో ముందు ఇచ్చినా, ఆపరేషన్ తర్వాత ఇచ్చినా బతికినవాళ్ళ సంఖ్యలో తేడా రాలేదు. అది గడ్డ తీయకముందు మొదలైన కీమో గురించి, మన పరిస్థితికి అచ్చంగా సరిపోదు.

ఆ తేడా చిన్నది కాదు. గడ్డ లోపల ఉండగా కీమో ఇస్తే మందు పనిచేస్తోందో లేదో గడ్డను చూసి తెలుసుకోవచ్చు. హెర్2 పాజిటివ్ వాళ్ళలో కీమో తర్వాత కాన్సర్ మిగిలితే మందు మార్చడానికీ అదే ఆధారం. గడ్డ ముందే పోయాక ఆ కొలత చేతిలో ఉండదు. మన దగ్గర సూది బయాప్సీ చేయకుండా ‘చిన్న గడ్డే కదా’ అని తీసేయడం ఇంకా జరుగుతోంది. నాకు అన్నిటికంటే కోపం వచ్చేది అక్కడే.

కీమో ముందు పెట్టుకుంటే ఇంకో చిక్కు ఇంట్లోవాళ్ళ నుంచి వస్తుంది. నాలుగైదు నెలలు గడిచి, జుట్టు ఊడి, కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) పడిలేచి అలసిపోయాక ‘కీమో ఇచ్చారుగా అక్కా, ఇంక మళ్ళీ కోతెందుకు’ అంటారు. కీమో ఆ అంచుకు బదులు కాదు. తర్వాత పెట్టే కరెంటు (రేడియేషన్) కూడా, అదనపు డోసు ఇచ్చినా సరే, పాజిటివ్ మార్జిన్‌ను చెరిపేయదు. ముందు కీమోకు ఒప్పుకుంటే ఆఖరి డోసు తర్వాత, కౌంట్స్ కోలుకున్నాక, ఆపరేషన్ ఏ వారంలో అన్నది ఇప్పుడే ఫైలులో రాయించుకోండి.

హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగటివ్, చంకలో ఏమీ లేదు అన్నవాళ్ళకు ఈ చర్చే అక్కర్లేదు. వాళ్ళలో చాలామందికి అసలు కీమో అవసరమే పడకపోవచ్చు. ముందు ఆపరేషన్ చేయించుకుని, కీమో సంగతి తర్వాత తేల్చుకోవచ్చు.

‘మొత్తం రొమ్ము తీయించేస్తే కీమో తప్పుతుందా?’ తప్పదు. కీమో కాన్సర్ రకాన్నీ, పాకిన తీరునూ బట్టి వస్తుంది, ఎంత కోశారన్నదాన్ని బట్టి కాదు. లంపెక్టమీకి రేడియేషన్ తోడైతే రొమ్ము మొత్తం తీసినవాళ్ళతో సమానంగా బతుకుతారని 2002లో వచ్చిన ఇరవై ఏళ్ళ ఫలితాలు చూపించాయి. రెండోసారి కూడా అంచు పాజిటివ్ వస్తే, లేదా తీయగా మిగిలేది మరీ తక్కువైతే అప్పుడు మాట వేరు.

కీమో సరిగ్గా మే నెలలో పడేటట్టుంటే ఎండ సంగతి కూడా అడగండి. రోహిణి కార్తెలో వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతే విజయవాడ ఎండ జాలి చూపదు. నోటి పూత వచ్చినన్నాళ్ళు గోంగూర పచ్చడీ ఉండదు, గుంటూరు మనిషికి అదొక అదనపు శిక్ష.

డబ్బు వైపు: ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్‌టీఆర్ వైద్య సేవ కింద వెళ్తుంటే ముందస్తు అనుమతి కావాలి. రెండో ఆపరేషన్‌కు కొత్తగా పెట్టాలా, ఎన్ని రోజులు పడుతుంది అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అదే రోజు అడగండి. అనుమతి కోసం ఆగిన వారాలు కూడా ఆ 90 రోజుల్లోంచే పోతాయి. గుంటూరు జీజీహెచ్‌కో, మంగళగిరి ఎయిమ్స్‌కో రెండో అభిప్రాయానికి వెళ్తే కాగితం రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్ళకండి. మొదటి ల్యాబ్ నుంచి స్లయిడ్లు, మైనం బ్లాకులు అడిగి తీసుకెళ్ళండి. మార్జిన్ నిజంగా సిరాను తాకిందా అన్నది వాళ్ళు మళ్ళీ చూడగలిగేది వాటిలోనే.