పార్టీ లేని ఎంపీ పనికొస్తాడా? ఇస్లింగ్‌టన్ నార్త్ ఓటరుగా నా అనుభవం

పార్టీ టికెట్ ఇవ్వలేదని ఇండిపెండెంట్‌గా దిగినవాడికి ఓటేస్తే ఆ ఓటు వృథాయేనా అని ఇండియా నుంచి బంధువులు అడుగుతుంటారు. నేను ఉత్తర లండన్‌లోని ఇస్లింగ్‌టన్ నార్త్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. మా ఎంపీ జెరెమీ కార్బిన్. ఆయన్ని లేబర్ ఎంపీగా చూశాను, 2024లో ఇండిపెండెంట్‌గా గెలిచాకా చూశాను. నియోజకవర్గం పనుల విషయంలో నాకు ఏ లోటూ కనిపించలేదు. ఆ తర్వాత ఆయన కొత్త పార్టీ పెట్టిన తీరు మాత్రం నచ్చలేదు.

ముందుగా మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఇండియన్ పాస్‌పోర్టుతో ఇక్కడ ఉంటున్నవాళ్లకు కూడా బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. కామన్వెల్త్ దేశాల పౌరులకు ఇచ్చిన హక్కు అది. వీసా మీద ఉన్నా సరే, పేరు నమోదు చేయించుకుంటే చాలు. దయచేసి చేయించుకోండి.

కార్బిన్ 1983 నుంచి ఇక్కడ ఎంపీ. 2015 నుంచి 2020 దాకా లేబర్ పార్టీ నాయకుడు కూడా. పార్టీలో యూదు వ్యతిరేకత మీద 2020 అక్టోబరులో మానవ హక్కుల కమిషన్ నివేదిక వచ్చింది. సమస్యను రాజకీయ కారణాలతో ఉన్నదానికంటే చాలా పెద్దది చేసి చూపించారని ఆయన అన్నారు, పార్టీ సస్పెండ్ చేసింది. 2023 మార్చిలో టికెట్ ఇచ్చేది లేదని పార్టీ కార్యవర్గం తేల్చేసింది. 2024 మేలో ఆయన సొంతంగా బరిలోకి దిగారు.

ఆ ఆరు వారాలూ మా వీధిలో ఎక్కడ చూసినా ఇదే చర్చ. కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ పుట్టినప్పటి నుంచీ లేబరే. "మా ఆయన పెన్షన్ ఆగిపోయినప్పుడు వచ్చింది పార్టీ కాదు, జెరెమీ" అని తేల్చి చెప్పేసింది. మెట్ల దగ్గర ఎదురైన ఇంకొకాయన మాత్రం, ఆ నివేదిక రోజు కార్బిన్ అన్న మాటలు మర్చిపోలేనని, ఓటు వేయనని చెప్పాడు. ఆ బాధలో న్యాయం ఉంది. నేను వాదించలేదు. తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఉండే మన తెలుగు మిత్రులేమో, ఎలాగూ లేబర్ గెలుస్తుంది, అధికార పార్టీ ఎంపీ ఉంటే పనులవుతాయి కదా అన్నారు. లేబర్ అభ్యర్థి ప్రఫుల్ నర్గుండ్ భారతీయ మూలాలున్నవాడు, స్థానిక కౌన్సిలర్. మనవాడికే వేద్దామన్నవాళ్లూ ఉన్నారు.

పోలింగ్ రోజు బ్యాలెట్ చేతిలోకి తీసుకోగానే నాకు మన ఊరి ఎన్నికలు గుర్తొచ్చాయి. మన దగ్గర ఇండిపెండెంట్‌కి కూడా ఏదో ఒక గుర్తు ఇస్తారు. ప్రచారమంతా ఆ గుర్తును జనానికి గుర్తుండేలా చేయడంతోనే సరిపోతుంది. ఇక్కడ పార్టీ అభ్యర్థుల పేర్ల పక్కన చిహ్నాలున్నాయి, కార్బిన్ పేరు పక్కన ఆ చోటు ఖాళీ. జనం పేరు చదువుకుని, పెన్సిల్‌తో గీత మీద గీత గీసి రావాలి. అలా 24,120 మంది గీశారు. నర్గుండ్‌కు 16,873 వచ్చాయి. దేశమంతా లేబర్ గాలి వీచిన ఎన్నికలో, లేబర్ కంచుకోటలో ఇది జరిగింది. ఎన్నికలకు ముందు మా నియోజకవర్గంలో చేసిన ఒక సర్వేలో లేబరే ముందుంది. కింది ఫ్లాట్ పెద్దావిడ లాంటివాళ్ల లెక్క ఆ సర్వేకు అందలేదని నా నమ్మకం.

ఇక పనుల సంగతి. లేబర్‌లో ఉన్న రోజుల్లో, అద్దె ఫ్లాట్ గోడలకు చెమ్మ పట్టి బూజు వస్తుంటే ఇంటి ఓనరు పట్టించుకోలేదు. ఎంపీ జనాన్ని కలిసే రోజున వెళ్లాను. ఇక్కడ దాన్ని సర్జరీ అంటారు. సిబ్బందిలో ఒకమ్మాయి ఫోటోలు చూసి, తేదీలన్నీ రాసుకుంది. ఎంపీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం వెళ్లాక మేస్త్రీ వచ్చాడు. ఇండిపెండెంట్ అయ్యాక ఒక ప్రభుత్వ ఆఫీసులో నా ఫైలు కదలక మళ్లీ వెళ్లాను. అదే పద్ధతి, అదే ఓపిక. పార్టీ అండ లేదు కాబట్టి ఉత్తరానికి విలువుండదేమో అని టెన్షన్ పడ్డాను కానీ జవాబు వచ్చింది. ఇక్కడ ఎంపీ ఆఫీసు ఖర్చూ సిబ్బంది జీతాలూ పార్టీ ఇచ్చేవి కావు. ఇప్సా అనే స్వతంత్ర సంస్థ ఇస్తుంది. ఎంపీ ఏ పార్టీవాడైనా ఆ వసతి ఉంటుంది. అధికార పార్టీ ఎమ్మెల్యే అయితేనే పనులవుతాయన్న మన లెక్క ఇక్కడ అంతగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

పార్లమెంటులో పార్టీ లేకపోవడం ఒక్కోసారి మేలే అనిపించింది. మూడో బిడ్డ నుంచి ప్రభుత్వ సాయం ఇవ్వని నిబంధన ఎత్తేయాలని 2024 జులైలో సవరణ వచ్చింది. దానికి ఓటేసిన 7 మంది లేబర్ ఎంపీలను పార్టీ సస్పెండ్ చేసింది. కార్బిన్‌కు విప్ భయం లేదు, అనుకూలంగానే ఓటేశారు. సవరణ ఓడిపోయింది. చివరికి 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రభుత్వమే ఆ నిబంధనను తీసేస్తున్నట్టు ప్రకటించింది.

నాకు నచ్చనిది 2025 జులైలో జరిగింది. లేబర్ నుంచి బయటికొచ్చిన ఎంపీ జారా సుల్తానాతో కలిసి కొత్త పార్టీ ప్రకటించారు. కొద్ది నెలలకే సభ్యత్వ నమోదు దగ్గర ఇద్దరి మధ్యా గొడవ బయటపడింది. మన దేశంలో ఇండిపెండెంట్‌గా గెలిచినవాడు తర్వాత పార్టీలో చేరితే, రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం సభ్యత్వం పోవాలి. అమలు సంగతి ఎలా ఉన్నా, కాగితం మీద ఆ చట్టం ఉంది. బ్రిటన్‌లో అదీ లేదు. ఏ పార్టీకీ చెందనివాడిగా నా ఓటు తీసుకున్న మనిషి, పార్టీ పెట్టేటప్పుడు రాజీనామా చేసి ఉప ఎన్నికకు వెళ్లి ఉంటే బాగుండేది. నిజానికి మళ్లీ గెలిచేవారేమో కూడా!

కాబట్టి అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇదే: టికెట్ గొడవకు ముందు ఆ మనిషి మీ వీధిలో ఎన్నేళ్లు తిరిగాడో చూడండి. తిరిగినవాడైతే ధైర్యంగా వేయండి. గెలిచాక ఏ పార్టీలోనూ చేరనని ప్రచారంలోనే నలుగురి ముందూ మాట తీసుకోండి. నేను ఆ మాట అడగలేదు. ఈసారి ఇంటికి ఓట్లడగడానికి ఎవరొచ్చినా మొదట అడిగేది అదే.