పిక్కొలో కోసం హైదరాబాద్‌లో రెండు రోజులు

విజయవాడలో పొద్దున్నే శాతవాహన ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాను. బాగు చేసిన పాత చెక్క పిక్కొలో, అంటే ఫ్లూట్ లాంటి చిన్న వాయిద్యం, కొనాలి, అదొక్కటే పని. మా చర్చి ఆర్కెస్ట్రాలో వాయించడానికి. రెండు చోట్ల ఉన్నాయని ముందే ఫోన్‌లో కనుక్కున్నాను.

స్టేషన్ దగ్గర లాడ్జిలో బ్యాగ్ పడేసి, సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా సుల్తాన్ బజార్. ఆ ఎండలో ఆటో బేరాలకన్నా ఇదే హాయి. అక్కడి నుంచి ఆబిడ్స్ వైపు నడిచాను.

మొదటి షాపులో పిక్కొలో అద్దంలా మెరుస్తోంది, కానీ ఊది ఫోన్‌లో శ్రుతి చూపే ట్యూనర్ చూస్తే ‘ఏ’ స్వరం 452 హెర్ట్జ్ దగ్గర నిలబడింది. పాత బ్రిటిష్ మిలిటరీ బ్యాండ్ల శ్రుతి అది. మా కీబోర్డు 440 మీద ఉంటుంది, అంటే తేడా దాదాపు అరస్వరంలో సగం. తల భాగం బయటికి లాగితే శ్రుతి తగ్గింది గానీ స్వరాల మధ్య పొంతన పోయింది. “ఊదగా ఊదగా సెట్ అవుతుంది సార్” అన్నారు. చెక్కలో రంధ్రాల మధ్య దూరం ఊదితే మారదు కదా! ఒక కీ కింద చూస్తే, రంధ్రాన్ని మూసే మెత్తటి ప్యాడ్ చిరిగి ఉంది. పాలిష్ చేసి బాగు చేశామంటున్నారు. ముందే పంపిన 2,000 అడ్వాన్సులో 1,500 తిరిగి రావడానికి గంట పట్టింది. దయచేసి వాయిద్యం చూడకుండా ఎవరూ అడ్వాన్స్ పంపకండి.

మర్నాడు చిలకలగూడ వైపు, ఇంట్లోనే బ్యాండు వాయిద్యాలు రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. నేను అడగకముందే తల భాగంలో పూడ్చిన పగులు చూపించారు. “దాచి అమ్మితే రేపు మళ్లీ నా దగ్గరికే వస్తుంది కదా బాబూ” అన్నారు. గ్రెనడిల్లా అనే గట్టి నల్ల చెక్క, కొత్త ప్యాడ్లు, అతుకు దగ్గర కొత్త కార్కు, విప్పినప్పటి ఫోటోలు కూడా ఫోన్‌లో ఉన్నాయి. అరగంట ఊదనిచ్చారు. 440కి సరిపోయింది, కింది ‘డి’ కూడా మెత్తగా, తడబడకుండా పలికింది, అప్పుడే మనసు పడిపోయింది. 38,000 చెప్పారు, రూపాయి తగ్గలేదు, తుడిచే కడ్డీ, నూలు గుడ్డ మాత్రం ఇచ్చారు. నా దృష్టిలో అది న్యాయమైన ధరే. మొదటి నెల రోజుకు పది పదిహేను నిమిషాలకు మించి ఊదొద్దని, ఊదాక లోపల తుడవాలని చెప్పారు. ఊపిరి తేమకి లోపల ఉబ్బి, బయట పొడిగా ఉంటే చెక్క పగులుతుందట, అందుకే ఏసీలో పెట్టొద్దన్నారు.

లాడ్జి శుభ్రంగానే ఉంది, వేడినీళ్లూ వచ్చాయి, కానీ గోడలు పల్చన. పిక్కొలో ఫ్లూట్ కంటే ఒక స్థాయి పైన పలుకుతుంది, మధ్యాహ్నం నేను నాలుగు స్వరాలు ఊదేసరికి పక్క గదివాళ్లు తలుపు కొట్టారు. వాళ్ల తప్పేం లేదు. వాయిద్యం కొనడానికి వెళ్లేవాళ్లు వీలైతే విడిగా ఉండే గది చూసుకోండి.

సాయంత్రం తిరుగు బండికి ఏసీ చైర్‌కార్ టికెట్ ఉన్నా వదిలేసి మామూలు బోగీలో, పిక్కొలో పెట్టెను తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చాను. మూడు నెలలకి ఒకసారి తెస్తే ప్యాడ్లు ఉచితంగా సరిచేస్తానన్నారు ఆ పెద్దాయన, అప్పుడు బస చిలకలగూడలోనే చూసుకుంటాను.