అవతార్ 2 త్రీడీ టికెట్ కొంటున్నారా? ముందు హాలు సంగతి కనుక్కోండి

సినిమా బాగుందా లేదా అన్నది కాసేపు పక్కన పెడదాం, ఎవరి ఇష్టం వాళ్లది. మూడొందలు దాటిన త్రీడీ టికెట్ కొన్నాక తెర మీద బొమ్మ సరిగ్గా కనబడుతుందా లేదా అన్నదే నా గోల. ఆ సంగతి బుకింగ్ యాప్‌లో ఎక్కడా ఉండదు.

మొన్న శనివారం సాయంత్రం షోకి ఇంటిల్లిపాదీ వెళ్లాం. హాలు పేరు రాయను, హైదరాబాద్‌లో ఒక మాల్ పై అంతస్తులో ఉన్న మల్టీప్లెక్స్ అనుకోండి చాలు. టికెట్ కాక కళ్లద్దాలకి వేరే డబ్బులు, కన్వీనియన్స్ ఫీజు సరేసరి. గుమ్మం దగ్గర కుర్రాడు అట్టపెట్టెలోంచి కళ్లద్దాలు తీసి ఇస్తున్నాడు, అంతకు ముందు షో వాళ్లు విప్పి పడేసినవే. నాకు వచ్చిన దాంట్లో ఎడమ అద్దం మీద పాప్‌కార్న్ నూనె వేలిముద్ర, కుడి అద్దం మీద అడ్డంగా ఒక గీత. కర్చీఫ్‌తో తుడిస్తే నూనె ఇంకాస్త పరుచుకుంది. మార్చమంటే "అన్నీ అట్లనే ఉన్నయ్ సార్" అన్నాడు.

అద్దాలతో సరిపెట్టుకుందామంటే బొమ్మే మసక. సముద్రం ఒడ్డున బతికే మెట్‌కాయినా తెగ వాళ్ల ఊరు, పగడపు దిబ్బలు, పట్టపగటి సముద్రం కూడా మబ్బు పట్టినట్టే కనిపించాయి. ఇక చివరి భాగంలో గ్రహణం పడుతుంది, చీకట్లో ఓడ మునుగుతుంది. హీరో జేక్, విలన్ క్వారిచ్ కొట్టుకుంటున్నారని చప్పుళ్లని బట్టి అర్థం చేసుకోవాల్సి వచ్చింది. మా వెనక వరసలో ఒక పెద్దావిడ "కరెంటు గానీ పోయిందా నాయనా" అని మనవణ్ణి అడిగింది. కళ్లద్దాలు తీసి చూస్తే బొమ్మ రెండుగా కనిపిస్తోంది గానీ వెలుగు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

ఎందుకిలా అంటే, త్రీడీలో ఒకే ప్రొజెక్టర్ వెలుగుని రెండు కళ్లకీ పంచాలి. మధ్యలో ఒక ఫిల్టర్, ఆ తర్వాత మన అద్దాలు, ప్రతి చోటా కొంత పోతుంది. టూడీకి తెర మీద 14 ఫుట్‌లాంబర్ట్‌ల (తెర వెలుగుని కొలిచే లెక్క) వెలుగు ఉండాలన్నది సినిమా హాళ్ల లెక్క. త్రీడీలో అద్దాలు దాటి కంటికి చేరేది మామూలు హాళ్లలో అందులో మూడో వంతు కూడా ఉండదు. ప్రొజెక్టర్‌లో జీనాన్ దీపం పాతబడితే అదీ గోవిందా. లేజర్ ప్రొజెక్టర్ ఉన్న చోట ఈ బాధ తక్కువ.

ఇప్పుడు అభిమానుల గొడవకి వద్దాం. 2009 డిసెంబర్లో మొదటి భాగం వచ్చింది, ఇది 2022 డిసెంబర్ 16న. 13 ఏళ్లు ఎదురుచూసిన జనం రెండుగా చీలిపోయారు. పాయకాన్ అనే తిమింగలం లాంటి జీవి వచ్చినప్పుడు ఒళ్లు పులకరించిందనీ, సముద్రంలో ఉన్నట్టే ఉందనీ కొందరు. 192 నిమిషాలు కూర్చోబెట్టి పాత కథే చెప్పారని ఇంకొందరు. కథ మీద ఫిర్యాదులో నిజం లేకపోలేదు, చచ్చిన క్వారిచ్‌నే మళ్లీ తెచ్చారు, పిల్లలు పట్టుబడటం, విడిపించడం, మళ్లీ పట్టుబడటం. (తెలుగు డబ్బింగ్ మీద మాత్రం నాకేం ఫిర్యాదు లేదు. అవసరాల శ్రీనివాస్ మాటలు బాగానే కుదిరాయి.) కానీ మా స్నేహితుల్లో "నిద్రొచ్చింది" అన్నవాళ్లని ఎక్కడ చూశారని గుచ్చి గుచ్చి అడిగితే, చాలామంది నాకు దొరికినలాంటి హాల్లోనే చూశారు. ఇంత నీటి మీద ఆధారపడ్డ సినిమాకి ఆ నీరే కనబడకపోతే మిగిలేది కథే కదా.

ఇంకో తిరకాసు హెచ్ఎఫ్ఆర్, అంటే హై ఫ్రేమ్ రేట్, సెకనుకి ఎక్కువ బొమ్మలు చూపించడం. మామూలు సినిమా సెకనుకి 24 ఫ్రేములు. ఇందులో నీళ్లలో సీన్లు, ఎగిరే సీన్లు 48తో నడుస్తాయి, మాటల సీన్లు చాలావరకు పాత పద్ధతిలోనే. అటూ ఇటూ మారుతుంటే కొందరికి వీడియో గేమ్ చూస్తున్నట్టు ఉంటుంది, కొందరు అసలు గమనించరు. మీకు పడుతుందో లేదో తెలియకపోతే హెచ్ఎఫ్ఆర్ అని రాసి ఉన్న షోకి ఇంట్లోవాళ్లందరికీ కలిపి ఒకేసారి బుక్ చేయకండి. ఏమీ రాయకపోతే హాలుకి ఫోన్ చేసి అడగండి. చాలాచోట్ల ఫోన్ ఎత్తినవాళ్లకే తెలియదు, అది వేరే కథ.

ఊళ్ల నుంచి వచ్చి చూసేవాళ్లకి ఒక మాట. హైదరాబాద్‌లో ఐమాక్స్ రోడ్డు ఉంది గానీ, ఈ సినిమా వచ్చిన 2022లో ఐమాక్స్ (ప్రత్యేకమైన పెద్ద తెర పద్ధతి) హాలు లేదు. ఆ రోడ్డులోని ప్రసాద్స్ మల్టీప్లెక్స్‌ని జనం అలవాటుగా ఇంకా ఐమాక్స్ అంటారు, అంతే. తెర పెద్దదే, హాలు మంచిదే, వాళ్లేమీ ఐమాక్స్ అని చెప్పి అమ్మడం లేదు. ఎవరో అన్న మాట పట్టుకుని బస్సెక్కొద్దు. అసలు ఐమాక్స్‌లోనే చూడాలనుకుంటే అప్పట్లో బెంగళూరో చెన్నైయో పోవాల్సి వచ్చేది.

మసక హాల్లో ఇరుక్కుంటే మాత్రం ఇంటర్వెల్ దాకా ఆగకండి. మొదటి పది నిమిషాల్లోనే బయటికొచ్చి మేనేజర్‌కి చెప్పండి, అప్పుడైతే వేరే షోకి మార్చమని అడిగే వీలుంటుంది. ఆఖర్న చెబితే "సినిమా మొత్తం చూశారు కదా సార్" అంటారు. నాకు ఇంటర్వెల్లోనే "ప్రింటే అంత" అన్న జవాబొచ్చింది. అది అబద్ధం, ఇదే సినిమా మా తమ్ముడు లేజర్ హాల్లో చూసి తళతళలాడుతోందన్నాడు. టికెట్, కళ్లద్దాల రసీదు, గీత పడ్డ అద్దం ఫోటో దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. నేను అక్కడ ఫిర్యాదు పెట్టాను. హాలు వాళ్లకి రాసిన మెయిల్‌కి "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది, డబ్బుల ఊసు లేదు. ఆ స్క్రీన్‌లో వచ్చే వారానికి కూడా త్రీడీ షోలే పెట్టారు.