గోడౌన్‌లో జ్వరాలు పాకకుండా: వన్ వే సందులు మేలా, జోన్లు మేలా?

జ్వరాల సీజన్ వస్తే చాలు, కావలి నుంచి సింగరాయకొండ దాకా గోడౌన్లు చూసుకునేవాళ్ళు ఫోన్ చేసి ఇదే అడుగుతారు, "అన్నా, ర్యాకుల మధ్య వన్ వే పెట్టేదా, పికర్లకి జోన్లు పంచేదా?" అని. పికర్లంటే ఆర్డర్ చూసి అరల్లోంచి సరుకు తీసేవాళ్ళు. ఒంగోలు బైపాస్ పక్కన మా మందుల గోడౌన్‌లో రెండూ చేసి చూశాం.

వన్ వేకి ఖర్చు లేదు, నేల మీద బాణం గుర్తులు గీస్తే అయిపాయ, ఎవరూ ఎదురుపడరు. కానీ మా సందులు నాలుగడుగులే. ముందుండే అతను పై అరలోంచి సిరప్ పెట్టె దించడానికి ఆగితే వెనక ముగ్గురు ట్రాలీలు పట్టుకుని అతని వీపుకి ఆనుకుని నిలబడాల్సిందే, దాటి పోయేదానికీ లేదు, వెనక్కి తిరిగేదానికీ లేదు. ఎదురుపడి తప్పుకోవడం రెండు సెకన్ల పని, ఇదేమో నిమిషాల పని. ఫ్లూ అయినా కోవిడ్ అయినా దగ్గరగా ఎంతసేపు ఉన్నారనేదే అసలు లెక్క. పైగా సాయంత్రానికల్లా ప్రతి పికరూ ప్రతి సందూ తిరిగేసి ఉంటాడు, అందరూ అందరికీ తగిలినట్టే.

జోన్లంటే ఎవరికిచ్చిన ర్యాకుల కాడ వాళ్ళే ఉంటారు, మనిషి తిరగడు, ట్రే తిరుగుద్ది. నింపిన ట్రే చేతికివ్వకుండా మధ్య బల్ల మీద పెట్టి వెనక్కొస్తే పక్క జోన్ వాళ్ళు తీసుకుంటారు. స్కానర్ కూడా ఎవరిది వాళ్ళదే. ఫ్లూ ఒళ్ళు వెచ్చబడక ముందురోజు నుంచే అంటుకోగలదు, ఎవరికుందో మనకి తెలిసేలోపే పాకిపోద్ది, అందుకే ఒక్కో మనిషి ఎంతమందికి తగులుతున్నాడో అది తగ్గించడమే నాకు ముఖ్యమనిపిస్తది. నా ఓటు జోన్లకే.

అయితే జోన్లు చెడిపోయేది ఒక్క కాడే. పోయిన మే నెలలో ఓఆర్ఎస్ ఆర్డర్లు కుప్పలుగా వచ్చాయి, ఆ సరుకంతా మూడో జోన్‌లోనే ఉంది, సాయంత్రం కందుకూరు బండి టైమైపోతుంటే నేనే పక్క జోన్ల నుంచి ఇద్దర్ని అందులోకి పంపా. ఆ వారంలోనే మూడు జోన్లలోనూ జ్వరాలు. తర్వాత ఓఆర్ఎస్, పారాసిటమాల్ లాంటి ఎక్కువ పోయే సరుకు అన్ని జోన్లకీ పంచి సర్దాం, టీ బ్రేక్ కూడా జోన్ల వారీగా మార్చాం, ఎందుకంటే అందరూ ఒకే బల్ల కాడ చేరితే పొద్దుటి నుంచి పడ్డ కష్టమంతా వృథా.

మాస్కులు దగ్గుండేవాళ్ళకి తప్పనిసరి. గ్లవుజుల కంటే సబ్బుతో చేతులు కడగడం మేలు. ఎండ మండుతున్నా షట్టర్లు పూర్తిగా మూయొద్దు, గాలి ఆడాలి.

ఇంకోటి, జీతం పోద్దని జ్వరంతోనే పనికొచ్చేవాళ్ళున్నంత కాలం ఏ పద్ధతీ పూర్తిగా పనిచెయ్యదు. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి సిక్ లీవ్‌లో జీతంలో 70 శాతం వస్తది, కానీ మామూలుగా మొదటి రెండు రోజులకి రాదు. అంటుకునేది ఎక్కువగా ఆ మొదటి రోజుల్లోనే కదా, అందుకే మా ఓనర్‌ని ఒప్పించి ఆ రెండు రోజుల జీతం గోడౌన్ లెక్కలోనే ఇప్పిస్తున్నా.