బ్యాటరీ కిల్ స్విచ్, మూడేళ్ల పైన వాడాక

బ్యాటరీ నుంచి కారుకి కరెంటు వెళ్ళకుండా తెంచే స్విచ్ ఇది, వారాల తరబడి కారు తీయని వాళ్ళైతే పెట్టించుకోండి, రోజూ తీసేవాళ్ళకి అక్కర్లేదు. మేముండేది చెన్నై వేళచ్చేరిలో, ఆఫీసుకి లోకల్ ట్రైన్‌లో వెళ్తా కాబట్టి మా చిన్న పెట్రోల్ కారు ఎక్కువగా బేస్‌మెంట్‌లోనే ఉంటుంది, సంక్రాంతికి ఊరెళ్ళి వస్తే చాలు టక్ టక్ అనడం తప్ప స్టార్ట్ అయ్యేది కాదు. బండి ఆఫ్‌లో ఉన్నా అలారం, సెంట్రల్ లాకింగ్, స్టీరియో కొంచెం కొంచెం కరెంటు లాగుతూనే ఉంటాయి, 50 మిల్లీ యాంపులు వేసుకున్నా రోజుకి 1.2 ఏహెచ్ (యాంపియర్ అవర్), మాది 35 ఏహెచ్ బ్యాటరీ, ఇంక మీరే లెక్కేసుకోండి.

ఇక్కడ కారు సామాన్లు దొరికే జీపీ రోడ్‌లో కొన్నా. పచ్చ నాబ్ తిప్పేది ఒకటి, కత్తిలా లివర్ పైకెత్తేది ఒకటి ఉంటాయి, నేను లివర్‌ది తీసుకున్నా, బిగిసిందో లేదో కంటికే తెలుస్తుంది. నెగటివ్ టెర్మినల్‌కే పెట్టాలి. పోస్ట్ (బ్యాటరీ మీద కేబుల్ బిగించే కడ్డీ) సైజు మాత్రం కచ్చితంగా చూసుకోండి, చాలా చిన్న కార్ల బ్యాటరీలకి సన్న పోస్టులుంటాయి, ఈ స్విచ్‌లేమో ఎక్కువగా లావు పోస్టులకి సరిపోయేలా వస్తాయి, మధ్యలో స్లీవ్ వెయ్యకపోతే ఎంత బిగించినా చేత్తో తిప్పితే తిరిగిపోతుంది.

రెండేళ్లు దాటాక సెల్ఫ్ నీరసంగా తిరగడం మొదలైంది. మల్టీమీటర్ ఒక వైరు బ్యాటరీ పోస్ట్ మీద, ఇంకోటి స్విచ్ అవతల కేబుల్ క్లాంప్ మీద పెట్టి మా ఆవిడని కీ తిప్పమంటే అర వోల్టు పైనే చూపించింది, 0.2 దాటితేనే అనుమానించాలి. లివర్ ఎత్తి చూస్తే కత్తి అంచంతా తెల్లటి పొడి, మూలల్లో పచ్చగా చిలుము! ఈ సముద్రపు గాలికి ఇత్తడి ఆగదండి. ఎమరీ పేపర్‌తో రుద్ది పెట్రోలియం జెల్లీ రాశాక మళ్ళీ మామూలైపోయింది, ఇప్పుడు వానలకి ముందు ఓసారి ఆ పని చేసేస్తున్నా.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానప్పుడు అందరిలాగే కారు ఫ్లైఓవర్ మీద పెట్టి, స్విచ్ లివర్ ఎత్తేసి వచ్చా, నీళ్ళు తగ్గాక వెళ్తే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది, ఆ రోజు నిజంగా ప్రాణం లేచొచ్చింది.

ఇబ్బందులు లేకపోలేదు. గడియారం, రేడియో స్టేషన్లు ప్రతిసారీ పోతాయి. స్విచ్ ఆఫ్‌లో ఉంటే రిమోట్ పనిచెయ్యదు, తాళంచెవితోనే లాక్ చెయ్యాలి, అలారం కూడా ఉండదు కాబట్టి వీధిలో పార్క్ చేసేవాళ్ళు ఆలోచించుకోండి. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం ముట్టుకోవద్దు, ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పోయే ప్రమాదం ఉంది. స్టార్ట్ స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగేది) ఉన్న బండ్లకి ఎక్కువగా నెగటివ్ టెర్మినల్ మీదే బ్యాటరీ సెన్సర్ ఉంటుంది, వాటికి దీని జోలికి పోకండి. నెలలకి నెలలు వదిలేసేవాళ్ళకి స్విచ్ ఒక్కటే చాలదు, ఏమీ కలపకపోయినా బ్యాటరీ తనంతట తాను దిగుతుంది, ఈ ఎండలకి ఇంకా త్వరగా, వాళ్ళు చార్జర్ కొనుక్కోవడమే మంచిది.