పాత డీజిల్ కారు, జారే క్లచ్: ఏళ్ల తరబడి నడిపాక రాస్తున్న సమీక్ష

సెకండ్ హ్యాండులో కొన్న ఒక చిన్న డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌ను ఏళ్ల తరబడి నెల్లూరు, ఒంగోలు మధ్య నడుపుతున్నాను. ఇంజను గురించి ఫిర్యాదు లేదు. మే నెల ఎండకు ఏసీ నిదానంగా చల్లబరుస్తుంది, వెనుక షాకబ్జార్బర్లు ఒకసారి మార్చవలసి వచ్చింది, క్లచ్‌ను పక్కన పెడితే అంతకు మించి చెప్పుకోవలసిన ఖర్చేమీ రాలేదు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం క్లచ్‌కే కేటాయిస్తున్నాను. ఎందుకంటే పాత మాన్యువల్ కారు కొనేవారు టైర్ల అరుగుదలను, డోర్ల మీది గీతలను చూసినంత శ్రద్ధగా క్లచ్‌ను చూడరు. చూసినవారు కూడా దాని లోపం బయటపడే చోట చూడరు.

నా కారులో అయిదో గేరులో గంటకు 80 కిలోమీటర్ల వేగం దగ్గర ఆర్‌పీఎం ముల్లు (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) సుమారు 1,800 మీద నిలుస్తుంది. కావలి దాటాక పదహారో నంబరు జాతీయ రహదారి మీద ముందున్న లోడు లారీని దాటడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, ఆ ముల్లు ఒక్కసారిగా 2,400 దాకా లేచింది గాని స్పీడోమీటరు మాత్రం 80 దగ్గరే ఉండిపోయింది. ఇంజను గోల పెరిగింది, బండి ముందుకు దూకలేదు. కాలు కొద్దిగా సడలించగానే ముల్లు దిగివచ్చి పాత చోట కుదురుకుంది. క్లచ్ జారుతోందనడానికి ఇంతకంటే గట్టి రుజువు మరొకటి లేదని నా అభిప్రాయం.

కారణం సులభమే. గేరు పడి, క్లచ్ పెడల్ మీద కాలు లేనప్పుడు, ఇంజను తిరిగే వేగానికీ చక్రాలు తిరిగే వేగానికీ మధ్య నిష్పత్తి స్థిరంగా ఉంటుంది. గేరు మార్చనిదే అది మారదు. ఇంజనుతో పాటు తిరిగే ఫ్లైవీల్ అనే చక్రానికీ, దాని మీదికి అదిమిపెట్టే ప్రెషర్ ప్లేట్‌కూ మధ్య బిగిసి ఉండి ఇంజను బలాన్ని గేర్ బాక్స్‌కు అందించవలసిన క్లచ్ ప్లేటు పట్టు తప్పితేనే ముల్లు ఒక దారి, వేగం ఒక దారి పడతాయి. బండి లాగడం లేదన్న ఒక్క లక్షణాన్ని పట్టుకొని క్లచ్ పోయిందనుకోవడం సరికాదు. టర్బో గొట్టం ఎక్కడో చిట్లినా, డీజిల్ ఫిల్టరు మూసుకుపోయినా బండి లాగదు. అయితే అప్పుడు ముల్లు కూడా లేవదు, రెండూ కలిసే మందగిస్తాయి. ఈ తేడా తెలియక క్లచ్ సెట్టు మార్పించుకున్న తరువాత కూడా పికప్ రాలేదని బాధపడినవారిని చూశాను.

పెద్ద గేరులోనే ఇది ముందుగా ఎందుకు కనిపిస్తుందంటే, ఇలాంటి చిన్న టర్బో డీజిల్ ఇంజన్లు చాలావరకు 2,000 ఆర్‌పీఎం ప్రాంతంలో గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) ఇస్తాయి. రెండో గేరులో బండి తేలికగా వేగం అందుకొని ఆ ప్రాంతాన్ని క్షణంలో దాటిపోతుంది, అయిదో గేరులో మాత్రం పూర్తి టార్క్ మొత్తాన్నీ క్లచ్ చాలాసేపు మోయాలి. అందుకే మాగుంట లేఅవుట్ వీధుల్లో రెండు రౌండ్లు తిప్పి చూపించే ట్రయల్‌లో మొదటి దశ జారుడు దాదాపుగా బయటపడదు. పొద్దున్నే చల్లగా ఉన్న బండిలో అసలే తెలియదు, వేడెక్కాక పట్టు మరింత తగ్గుతుంది. నలుగురిని ఎక్కించుకొని, అరగంట నడిపాక, హైవే మీద వెనుక వాహనాలు లేని చోట నాలుగో గేరులో 50 దగ్గరి నుంచి పూర్తిగా తొక్కి ముల్లును గమనించాలి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కే పని ఉన్నవారికి అంతకంటే మంచి పరీక్ష దొరకదు గాని, బేరానికి వచ్చిన బండిని అంత దూరం ఎవరు ఇస్తారు!

అందరూ చెప్పే పరీక్ష ఇంకొకటి ఉంది. హ్యాండ్ బ్రేక్ లాగి, బ్రేకు తొక్కిపట్టి, మూడో గేరో నాలుగో గేరో వేసి, నిదానంగా క్లచ్ వదిలితే ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే క్లచ్ పోయినట్టే. ఇది నిజమే, కాని పట్టు పూర్తిగా పోయిన క్లచ్‌నే ఇది పట్టిస్తుంది. ఐడ్లింగ్‌లో ఇంజను ఇచ్చే టార్క్ తక్కువ కాబట్టి, పట్టు తగ్గిన ప్లేటు కూడా దానిని తట్టుకుంటుంది. హైవే మీద స్పష్టంగా జారుతున్న నా కారు ఈ పరీక్షలో నిక్షేపంగా ఆగిపోయింది. పైగా దీనిని పదే పదే చేస్తే ప్లేటు మీద మిగిలిన లైనింగ్ (రాపిడి పొర) కూడా కాలిపోతుంది.

పెడల్ ఎత్తును బట్టి తీర్పు చెప్పడం కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. కేబుల్ క్లచ్‌లో ప్లేటు అరిగేకొద్దీ ఫ్రీ ప్లే (పట్టు తగలకముందు పెడల్ వదులుగా కదిలే దూరం) తగ్గి, పెడల్ దాదాపు పైకి వచ్చాక గాని బండి కదలదు. హైడ్రాలిక్ అయితే ఆ తేడాను చాలావరకు తనే సర్దుకుంటుంది. కాలిన వాసన మంచి సాక్షే గాని ఆలస్యంగా వచ్చే సాక్షి. గేరు పడకపోవడం, రివర్స్ వేస్తే గరగరమనడం జారుడు లక్షణాలు కావు. అవి క్లచ్ పూర్తిగా విడవకపోవడం వల్ల వచ్చేవి, అంటే సరిగ్గా తలకిందుల జబ్బు.

ఆటోనగర్‌లో పనిచేసే పెద్దాయన ఒకరు నాతో పాటు బైపాస్ దాకా వచ్చి, ముల్లు ఒక్కసారి లేవగానే, "చాల్లే అబ్బయ్యా, ఇంక తొక్కబాక, గేర్ బాక్స్ దించాల్సిందే" అన్నారు. దించే ముందు ఆయన రెండు విషయాలు చూశారు: కేబుల్‌లో ఫ్రీ ప్లే ఉందా, క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగ్ కింద ఆయిల్ చెమ్మ ఉందా అని. ఫ్రీ ప్లే లేకపోతే పెడల్ ఎప్పుడూ కాస్త నొక్కి ఉన్నట్టే లెక్క, దానిని సర్దితేనే జారుడు ఆగిపోవచ్చు. ఇంజను వెనుక ఆయిల్ సీల్ కారి ప్లేటు తడిస్తే, సీల్ మార్చకుండా కొత్త ప్లేటు వేయడం డబ్బు దండగ.

నా కారులో ఆ రెండూ కాదు, అచ్చంగా అరుగుదలే. బయటికి తీసిన ప్లేటు మీద లైనింగ్ రివెట్ల తలల దాకా అరిగిపోయి ఉంది, వేలితో తడిమితే రివెట్టు చల్లగా తగిలింది. ఫ్లైవీల్ ముఖం మీద వేడికి ఏర్పడిన నీలి మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయి. మరొక వర్క్‌షాపులో ప్లేటు ఒక్కటి మారిస్తే చాలన్నారు, కాని నేను ఒప్పుకోలేదు. గేర్ బాక్స్ దించే కూలి ఎలాగూ ఒకటే కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి సెట్టుగా మార్పించి, ఫ్లైవీల్‌ను లేత్ షాపులో ఫేసింగ్ చేయించాను, అంటే దాని ముఖాన్ని చదును చేయించాను. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (అదురు తగ్గించడానికి రెండు భాగాలుగా చేసినది) ఉన్న డీజిల్ కార్లలో ఆ భాగం ధర చాలా ఎక్కువ కాబట్టి, కొనే బండిలో ఏ రకం ఉందో బేరానికి ముందే తెలుసుకోవాలి. జారుడు కనిపిస్తే ప్లేటు ధర కాదు, సెట్టు ధర, కూలి, ఫ్లైవీల్ ఖర్చు కలిపి తగ్గించమని అడగాలి.

కొత్త క్లచ్‌ను మొదటి కొన్ని వందల కిలోమీటర్లు సౌమ్యంగా నడిపాను. పెడల్ ఎంత తేలికైందంటే, పాతది క్రమక్రమంగా ఎంత బరువెక్కిందో అప్పుడు గాని తెలియలేదు. ఇప్పటికీ ఈ కారు మీద నాకు మిగిలిన ఫిర్యాదు ఒకటే: ఎడమ కాలు ఆనించుకోవడానికి చోటు లేదు, అందువల్ల ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జి దగ్గర వాహనాలు బారులు తీరినప్పుడు కాలు దానంతటదే క్లచ్ మీదికి పోతుంది. యాక్సెసరీల షాపులో ఒక చిన్న ఫుట్ రెస్ట్ కొని బిగించుకున్నాను. కంపెనీయే దానిని ఇచ్చి ఉండవలసింది.