మైకు ముందు ఎలా పలకాలి? అక్షరం ప్రకారమా, శిష్ట వాడుకా, మన యాసా: ఏది మేలు?

విశాఖ సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రంలో పురస్కార సభకు వ్యాఖ్యానం చెప్పేవాళ్లకూ, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పుస్తకావిష్కరణకు మాట్లాడేవాళ్లకూ, ఆకాశవాణిలో స్వర పరీక్షకు తయారయ్యేవాళ్లకూ ఒకటే చిక్కు. ఎలా పలికితే సరైనట్టు? ముందున్న దారులు మూడు. రాసిన ప్రతి అక్షరాన్నీ రాసినట్టే పలకడం ఒకటి. చదువుకున్నవాళ్లు నలుగురిలో మాట్లాడే తీరులో పలకడం రెండోది. వార్తలు చదివేవాళ్లు పట్టుకునేది దీన్నే. ఇంట్లో మాట్లాడే ఉత్తరాంధ్ర యాసనే మైకు ముందుకు తేవడం మూడోది. విశాఖలో జరిగే సభల్లో ఎక్కువ వాటికి రెండోదే మేలని మా అభిప్రాయం. ఎందుకో వివరంగా చూద్దాం.

అక్షరం ప్రకారం పలకడానికి తగిన చోట్లున్నాయి. పద్యం, శ్లోకం, ప్రమాణ స్వీకార పాఠం, సన్మాన పత్రం. అక్కడ ప్రతి ఒత్తూ, ప్రతి దీర్ఘమూ వినపడాలి. మామూలు ప్రసంగంలో అదే పద్ధతి పట్టుకుంటే మాత్రం మాట కొయ్యబారిపోతుంది. 'వచ్చారు', 'చెప్పారు' అనే మాటలు తీసుకోండి. రాతలో అక్కడున్నది ఆకారమే. నోట్లో మాత్రం 'బ్యాంకు' అన్నప్పుడు వినిపించే అచ్చు వస్తుంది. 'చెప్పినారు' కుదించుకుపోయి ఏకారానికీ ఆకారానికీ మధ్య ధ్వనిగా మారింది, దానికి మన లిపిలో విడిగా అక్షరం లేదు. కాగితం చూసి చదివేవాళ్లు నోరు పూర్తిగా తెరిచి 'చెప్పా-రు' అంటే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. ఆహ్వానం, చిహ్నం, బ్రహ్మ కూడా ఇంతే. రాతలో హకారం ముందుంటుంది, తెలుగు నోట్లో 'ఆవ్హానం, చిన్హం, బ్రమ్హ' అని వెనక్కి జరుగుతుంది. దాన్ని తప్పని దిద్దక్కర్లేదు. హకారాన్ని బలవంతంగా ముందుకు తెస్తే మాట మధ్యలో విరిగినట్టవుతుంది.

శిష్ట వాడుక అంటే ఇష్టమొచ్చినట్టు వదిలేయడం కాదు. కొన్నింటిని పోనిచ్చి, కొన్నింటిని గట్టిగా పట్టుకోవడం. పట్టుకోవాల్సినవి అర్థం మార్చేవి. 'సకలం' అంటే అంతా, 'శకలం' అంటే ముక్క. 'శంకర'ను 'సంకర' అంటే వేదిక మీదున్న పెద్దమనిషి పేరే పాడవుతుంది. కళకూ కలకూ తేడా ళకారంలోనే ఉంది; 'కలాభారతిలో కార్యక్రమం' అని ప్రకటిస్తే ఆ మందిరం పేరులోని కళే పోతుంది. ఇక మన ఊరి పేరే చిన్నపాటి పరీక్ష. 'విశాఖ'లో శ ఉంది, ఖ ఉంది. 'విసాక' అన్నా తప్పే, గొప్పగా పలకాలని 'విషాఖ' అన్నా తప్పే.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది ఒత్తులతోనే, అంటే ఖ, ధ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాలతోనే. వదిలేసేవాళ్లను జనం ఇట్టే పట్టుకుంటారు: 'దన్యవాదాలు', 'సబాద్యక్షులు'. కానీ సభల్లో వినిపించే పెద్ద తప్పు దానికి తిరగబడినది, లేని చోట ఒత్తు పెట్టడం. విద్యార్థిని 'విధ్యార్థి' చేయడం, బాధను 'భాధ' అనడం, శబ్దాన్ని 'శబ్ధం' అనడం. బహుమతి ప్రదానం అంటే ఇవ్వడం, ప్రధానం అంటే ముఖ్యం. ఫ్లెక్సీల మీద కూడా 'ప్రధానోత్సవం' అని అచ్చవుతుంటే చదివేవాళ్ల నోరు అటే పోతుంది. రెండో రకం పొరపాటు థకారానికి ధకారం వాడటం: ముఖ్య అతిథిని 'అతిధి' అనడం, ప్రథమను 'ప్రధమ' అనడం, కథను 'కధ' అనడం. 'అర్థం', 'అర్ధం' మాటలైతే రెండూ ఉన్నాయి. మొదటిది భావం, రెండోది సగం. ఎదిగే వయసులో చెవికి ఒత్తులు పెద్దగా వినపడకపోవడం దీనికి కారణం. తర్వాత కంటితో నేర్చుకున్నది ఏ మాటలో ఉందో గుర్తుండక, భయంకొద్దీ దొరికిన చోటల్లా పెట్టేస్తారు.

దిద్దుకోవడం కష్టమేమీ కాదు. పల్చటి కాగితం ముక్కను పెదాలకు మూడు నాలుగు అంగుళాల దూరంలో పట్టుకుని 'క, ఖ', 'ప, ఫ' అనండి. ఖ, ఫలకు కాగితం ఊగాలి, క, పలకు దాదాపు కదలకూడదు. ఘ, ధ, భలకు అంత కదలిక రాదు. ఆ అక్షరం తర్వాతి అచ్చు మొదట్లో సన్నగా హకారం కలిస్తే చాలు. ఛాతీ నుంచి తోయక్కర్లేదు, తోస్తే ముద్దగా ఉంటుంది. 'ఫలితాలు' అన్నప్పుడు రెండు పెదాలూ కలవాలి, 'ఆఫీసు' అన్నప్పుడు పై పళ్లు కింది పెదవిని తాకాలి. ణ, ళలకు నాలుక కొస వెనక్కి మడిచి అంగిలికి తగిలించాలి, షకు తగలనీయకుండా అంగిలి దగ్గరికి తేవాలి. స పళ్ల దగ్గర పుడుతుంది, శకు నాలుక మధ్యభాగం పైకి లేస్తుంది.

చ, జల సంగతి కొత్తతరంలో బాగా దెబ్బతింది. చలి, చుక్క, చోటు, జున్ను లాంటి అచ్చ తెలుగు మాటల్లో ఇవి పళ్ల దగ్గర పలికే దంత్యాలు. చరిత్ర, చంద్రుడు, జయం, జాతీయం సంస్కృతం నుంచి వచ్చాయి కాబట్టి అంగిలి దగ్గర పలుకుతాయి. ఇ, ఎలు తగిలితే (చీమ, చేయి) ఎప్పుడూ అంగిలి దగ్గరే. ఇంగ్లిష్ మీడియం పిల్లలు 'చుక్క'ను అంగిలి దగ్గర పలికితే ఎంత స్పష్టంగా ఉన్నా పరాయిగా వినిపిస్తుంది.

ఇప్పుడు యాస. దీన్ని తప్పు అనడం అన్యాయం. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940) శ్రీకాకుళం ప్రాంతపు బిడ్డ. తర్వాత ప్రమాణంగా స్థిరపడింది మాత్రం కృష్ణా, గోదావరి జిల్లాల చదువరుల మాట. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మండలాలుగా విభజించినప్పుడు మనది పూర్వ మండలం. అదీ తనదైన కట్టుబాట్లున్న మాటే. 'ఏటి' (ఏమిటి), 'బేగి' (త్వరగా), 'ఎల్లిపోనాడు' (వెళ్లిపోయాడు) అన్నవి తప్పు రూపాలు కావు. తప్పెటగుళ్ళు, జముకుల కథ లాంటి జానపద ప్రదర్శనలు, రైతుల సభ, పెందుర్తి అవతల ఊళ్లలో ప్రచారం: ఇక్కడ యాసదే పైచేయి, శిష్ట వాడుక పట్నపువాసన కొడుతుంది. కాకపోతే వేర్వేరు జిల్లాలవాళ్లు వినే వేదికల్లో, రేడియోలో, కొన్ని రూపాలు అందవు. పైగా వాక్యం చివరి అచ్చును పైకెత్తి సాగదీసే అలవాటు వల్ల వార్త ముగిసిందో లేదో వినేవారికి తెలియదు. చివరి మాట దగ్గర స్వరం దించడం ఒక్కటి నేర్చుకుంటే మిగతా రాగం ఉన్నా ఇబ్బంది లేదు. ఉంటేనే బాగుంటుంది కూడా.

అసలు చెడగొట్టేది కలగలుపు. మూడు వాక్యాలు గ్రాంథికంగా లాగి, నాలుగోది యాసలో జారి, అయిదోదాన్ని ఒత్తులతో బరువెక్కిస్తే వినేవాళ్లకు చెవి కుదురుకోదు. 1966 నాటి 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' నినాదం చూడండి. 'విశాఖ'లో ఖ, 'ఆంధ్రుల'లో ధ తప్ప మరో ఒత్తు లేదు, రెండు ద్విత్వాలు గట్టిగా తగులుతాయి, ఏ యాసలోనైనా చెక్కుచెదరదు. ప్రసంగం రాసుకునేటప్పుడే ఇలాంటి మాటలు ఎంచుకుంటే సగం బరువు తగ్గుతుంది.

మైకు సంగతీ ఉంది. భ, ఫ, ఖలు సూటిగా తగిలితే స్పీకర్లలో 'ధబ్'మంటుంది. నాలుగైదు అంగుళాల దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా గడ్డం వైపు కాస్త పక్కగా పట్టుకోవాలి. పెద్ద హాల్లో ప్రతిధ్వని వల్ల శ, సలు కలిసిపోతాయి కాబట్టి వేగం తగ్గించి, వాక్యాన్ని రెండుగా విరవాలి. కాగితం మీద ఊపిరి తీసుకునే చోట గీత, ఒత్తున్న అక్షరం కింద చుక్క పెట్టుకుంటే తడబాటు రాదు. అతిథుల పేర్లు మాత్రం ఏ పద్ధతికీ వదలకండి. సభకు ముందు వాళ్లనే అడిగి, వాళ్లు ఎలా పలికితే అలాగే రాసుకుని, రెండుసార్లు బయటికి పలికి చూసుకోండి.